లూసీ కూర్చున్న గడప

కుక్కను అడ్డప్రశ్నలు అడగడం కుదరదట. ఈ మాట నాకు ఖమ్మంలో వకీలు వెంకటరామారావు గారు చెప్పారు. "మనిషి సాక్ష్యం చెబితే బోనెక్కించి నిలదీయొచ్చమ్మా. కుక్కను ఏమని నిలదీస్తాం?" అంటూ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. "నిలదీసేటందుకు పనికిరానిది సాక్ష్యానికి ఎట్ల పనికొచ్చింది సార్?" అని అడిగాను. ఆయన టీ తెప్పించారు.

ఎనభై ఏడు ఎండాకాలం సంగతి ఇది. మా తండా భద్రాచలం రోడ్డు విడిచి అడవిలోకి పోయే బండ్లబాట మీద ఉంటుంది. బీడీలు చుట్టే తునికాకు కోసే రోజులు. తెల్లారేసరికి తండాలో ముసలివాళ్లు, పసిపిల్లలు తప్ప ఎవరూ ఉండేవారు కాదు. పొద్దెక్కాక ఆకు మూటలతో తిరిగొచ్చి, నీడన కూర్చుని కట్టలు కట్టి, సాయంత్రానికి కల్లానికి మోసుకుపోవాలి. కల్లమంటే మరేం లేదు, ఆకు కట్టలు కొని, వరసలుగా పరిచి ఎండబెట్టే చదును నేల. నేను అంగన్‌వాడీలో పిల్లల్ని ఆడించేదాన్ని. మధ్యాహ్నం సెంటర్ మూశాక నేనూ కట్టలు కట్టేదాన్ని.

కల్లానికి కావలివాడు బిచ్యా. మా తండావాడే. మా ఆయన ధన్‌సింగ్‌కు వరసకు అన్న అవుతాడు. ఒక సాయంత్రం మా కట్టలు చూసి, "అంత చిరుగు ఆకే" అని కాలితో పక్కకు తోశాడు. పొద్దున్నుంచీ ముళ్లలో పడి కోసిన ఆకు. ధన్‌సింగ్‌కు మండింది. ఇద్దరూ ఛాతీలు తగిలేంత దగ్గరగా నిలబడి అరుచుకున్నారు. "సంపుత బిడ్డా నిన్ను!" అన్నాడు మా ఆయన. అందరూ విన్నారు. మా తండాలో ఆ మాట రోజుకు వందసార్లు వినబడుతుంది. మేక దొడ్లో దూరినా అంటాం, పిల్లలు అంబలి తాగకపోయినా అంటాం. నేనే ఆ పొద్దున మా అత్త హేమ్లిని అన్నాను.

తర్వాత రెండు రోజులకు ఊళ్లో పెళ్లి. ధన్‌సింగ్ ఇప్పసారా తాగి, తూలుతూ వచ్చాడు. మంచం మీదికి గుంజి పండబెట్టి, నా చీర కొంగు ఆయన కాలికి ముడేసుకుని పడుకున్నాను. ఇది మా తండా ఆడవాళ్లందరి పనే. ఎప్పుడో ఒకాయన తాగిన మత్తులో లేచి పోయి బావిలో పడి చచ్చాడట, అప్పటినుంచి తాగొచ్చిన మగవాడి కాలికి కొంగు కట్టకుండా ఎవరూ కన్ను మూయరు. మగవాళ్లకు తెలియకుండా కడతాం, వాళ్లు లేవకముందే విప్పుతాం. తెలిస్తే వాళ్లకు తలకొట్టేసినట్టు ఉంటుంది కదా.

తెల్లారి ఆకు కోతకు పోయిన ఆడవాళ్లు కేకలు పెట్టుకుంటూ వెనక్కి వచ్చారు. కల్లం దగ్గర బిచ్యా పడి ఉన్నాడు. తల పగిలింది. అప్పుడు నా కొంగు ఇంకా ధన్‌సింగ్ కాలికే ఉంది. గబగబా విప్పేసి, ఆయన్ను లేపాను.

మాలో చనిపోయినవాణ్ని ఎండకు వదలరు. ఎవరైనా సరే, ముందు నీడకు చేర్చాలి. మంచం తెచ్చి, నలుగురు మగవాళ్లు ఎత్తారు. తలవైపు పట్టింది ధన్‌సింగే. పక్కన నెత్తురంటిన కట్టె పడి ఉంటే ఎవరో తీసి కంచెకు ఆనించారు. ఇంకెవరో నెత్తురు మీద మన్ను చల్లారు. ఎస్సై వచ్చి చూసి నెత్తి కొట్టుకున్నాడు. "అంత తొక్కి సర్వనాశనం చేసిండ్రు గదనే! ముట్టుకోవద్దని ఎవ్వలు చెప్పలేదా మీకు?" అని తిట్టాడు. అక్కడిదాకా ఆయన తప్పేం లేదు, నేనూ ఒప్పుకుంటాను. తర్వాత, "ఈనెతోని ఎవలకన్న పంచాయితీ ఉన్నదా?" అని అడిగాడు. పది నోళ్లు ఒకే పేరు చెప్పాయి. వాళ్లూ ఉన్నదే చెప్పారు.

మరునాడు జీపులో కుక్క వచ్చింది.

దాని పేరు లూసీ. దాన్ని చూడడానికి ఆడవాళ్లు ఆకు కోత సగంలో వదిలి వచ్చారు. దానికి వేరే స్టీలు గిన్నె, వేరే దుప్పటి. దాన్ని తెచ్చిన కానిస్టేబుల్ రామ్‌చందర్ ముందు దానికి నీళ్లు పెట్టి, అది తాగాకే తాను తాగాడు. "మనకన్న నయం" అంది మా అత్త. అందరం నవ్వాం. అప్పటికి నవ్వే ఉంది మాకు.

రామ్‌చందర్ ఆ కట్టెను లూసీకి వాసన చూపించాడు. అది నేల వాసన చూసుకుంటూ తండాలోకి వచ్చింది. బోరింగు దగ్గర మూడు బాటలు చీలుతాయి. అక్కడ ఆగి, బోరింగు వైపు రెండడుగులు వేసింది. రామ్‌చందర్ నాలుకతో టక్కుమనిపించాడు. దాని మెడపట్టా కొంచెం బిగిసింది. లూసీ మా బాటకు తిరిగింది. మా ఇల్లు వచ్చేసరికి ఆయన నడక నెమ్మదించింది. మా గడప ముందు పూర్తిగా ఆగిపోయాడు. లూసీ తలెత్తి ఆయన మొహంలోకి చూసింది. చూసి, కూర్చుంది.

జనమంతా ఒక్కసారి ఊపిరి వదిలారు. ఆ చూపు నేనెక్కడో చూశాననిపించింది, కానీ అప్పుడు ఆలోచించే తీరిక ఎక్కడిది?

ధన్‌సింగ్ లోపల అన్నం తింటున్నాడు. చెయ్యి కడుక్కోనివ్వలేదు. ఎంగిలి చేత్తోనే జీపెక్కించి పంపించారు. నేను ఎస్సైకి అడ్డం పోయాను. ఆ రాత్రి ఆయన ఇంట్లోనే ఉన్నాడని, కాలికి కొంగు కట్టుకుని పడుకున్నానని, తెల్లారి కేకలు వినబడ్డప్పుడు కూడా ముడి అట్లాగే ఉందని చెప్పాను. సిగ్గు విడిచి, అంతమంది మగవాళ్ల ముందు చెప్పాను.

ఎస్సై నవ్వాడు. కానిస్టేబుళ్లు ఇంకా గట్టిగా నవ్వారు.

"పెండ్లాం గట్లనే చెప్తదమ్మా. చెప్పకపోతే పెండ్లాం ఎట్లయితది?"

"మరి కుక్క చెప్తే?"

"కుక్కకు మొగడు కాదు గదా నీ మొగడు!"

ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. నా మాట ఒక్క ముక్క రాసుకోలేదు.

ఇక అక్కడినుంచి మొదలైంది నా ఖర్మ. అడుగుల అచ్చులు తీసే ఆయన వచ్చాడు. మంచి మనిషి, చెమటలు కక్కుకుంటూ కల్లం అంచున మెత్తటి మట్టిలో దొరికిన అడుగుకు సున్నం లాంటిది పోసి అచ్చు తీశాడు. తర్వాత ఠాణాలో ధన్‌సింగ్ ఒక్కడి చేతే తడిమట్టి తొక్కించారు. కలిసింది. కలవక ఏం చేస్తుంది? శవాన్ని ఎత్తినవాడు కదా! "ఎత్తిండ్రు నలుగురు సార్, మిగిలిన ముగ్గురివి చూసిండ్రా?" అని ఆయన్నే అడిగాను. ఆయన నన్ను జాలిగా చూశాడు. "నాకు ఒక్కరివే పంపారమ్మా. మిగతా వాళ్ల ఇళ్ల ముందు కుక్క కూర్చోలేదు కదా" అన్నాడు.

ఆ తర్వాత దూలయ్య. ఎండుచేపలు అమ్ముకుంటూ ఊళ్లు తిరిగే ముసలాయన. బిచ్యా చచ్చిన రాత్రి ఆ దారిన పోతుంటే కల్లం దగ్గర ఎవరో కనబడ్డారని మొదటిరోజే చెప్పాడు. ఎవరో అన్నాడు, అంతే. కుక్క వచ్చి పోయాక ఆ ఎవరో ధన్‌సింగ్ అయ్యాడు.

"మొదట మొకం కనబడలేదంటివి గదా తాతా?" అని బాట మీద ఆపి అడిగాను.

"అవ్ బిడ్డా, కనబడలే. కుక్క కూసున్నదని తెలిసినంక యాదికొచ్చింది. గదే నడక, గదే ఎత్తు. నేనెందుకు అబద్ధమాడుత? మీ ఇంట్ల నీళ్లు తాగినోణ్ని."

నిజంగానే ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. నేనేమనాలి? ఎవరైనా పగబట్టి అబద్ధమాడి ఉంటే, వాళ్ల ఇంటి ముందుకు పోయి దుమ్మెత్తి పోసేదాన్ని. ఇక్కడ ఒక్కరూ అబద్ధమాడడం లేదు. అదే నా ఏడుపు. నా కోపాన్ని ఎవరి మీద విసరాలో తెలియక ఇంట్లో గిన్నెల మీద విసిరేదాన్ని.

ఆ వారమే ధన్‌సింగ్ ఒప్పుకున్నాడని తెలిసింది. ఠాణాకు పరుగెత్తాను. కటకటాల వెనక గోడకు ఆనుకుని కూర్చున్నాడు. మొహం వాచి ఉంది.

"ఒప్పుకున్నవా?"

తల దించుకునే, "అవ్" అన్నాడు.

"కొట్టిండ్రా?"

వాచిన చెంప తడుముకున్నాడు. కొట్టే ఒప్పించారని నాకు నేనే అనుకున్నాను. చుట్టూ పోలీసులున్నారు, ఇంకేమీ అడగలేకపోయాను. కొంగు సంగతి ఆయనకు చెప్పాలని కూడా తోచలేదు. తాను చేయలేదని ఆయనకు తెలుసు కదా, ఇంక నేను చెప్పేదేముంది అనుకున్నాను.

అక్కడినుంచి రోజూ పొద్దున్నే సర్కిల్ ఆఫీసుకు పోవడం, వరండాలో కూర్చోవడం. సీఐ బసవపున్నయ్య గారు మధిర వైపు నుంచి కొత్తగా వచ్చారు. మాట మెత్తన. కానీ ఎప్పుడు చూసినా ఫోను మోగుతూనే ఉండేది. ఆకు కోత ఆగిపోతోందని పైనుంచి ఒకరు, అడవిలో కొత్త మనుషులు తిరుగుతున్నారని ఇంకొకరు. ఆయన కళ్లు ఎర్రగా ఉండేవి. నన్ను చూడగానే నిట్టూర్చేవారు.

"మళ్లీ వచ్చావా అమ్మా? కుక్క చెప్పింది, అచ్చు చెప్పింది, చూసినవాడు చెప్పాడు, చివరికి మీ ఆయనే చెప్పాడు. ఇంతమంది ఒకే మాట చెబుతుంటే నన్నేం చేయమంటావు?"

"ఇంతమంది చెప్తలేరు సార్. కుక్క ఒక్కటే చెప్పింది. మిగిలినోళ్లందరు కుక్క మాట చెప్తున్నరు."

ఆయన కలం కింద పెట్టారు. ఏదో అనబోయారు. ఇంతలో ఫోను మోగింది. ఇక ఆరోజుకు అయిపోయింది.

నాకు దారి చూపింది మాత్రం మా అంగన్‌వాడీ. మా సూపర్‌వైజర్ నిర్మలాదేవి గారు తనిఖీకి వచ్చారు. మా సెంటర్లో చాంది అని ఒక పిల్ల ఉండేది. పళ్ల బొమ్మల అట్టలు పరిచి ఏ పండు ఎక్కడ అని అడిగితే ఠక్కున చెయ్యి పెట్టేది. నేను దాన్ని చూసి తెగ మురిసిపోయేదాన్ని. ఆరోజు నిర్మలాదేవి గారు నన్ను పిల్లల వెనక నిలబడమని, తానే అట్టలు పరిచి అడిగారు. చాంది ఒక్కటీ చెప్పలేదు. వెనక్కి తిరిగి నా కోసం వెతుక్కుంది.

నిర్మలాదేవి గారు నవ్వారు. "పూలీ, ఈ పిల్ల పళ్లను చూడటం లేదే. నీ కళ్లు ఎటు పోతే అటు చెయ్యి పెడుతోంది. నువ్వు కావాలని చెబుతున్నావని కాదులే. నువ్వు కూడా గమనించుకోవు."

చాంది తలెత్తి నన్ను చూసే చూపు. మా గడప ముందు లూసీ తలెత్తి చూసిన చూపు. రెండూ ఒకటే!

ఆ సాయంత్రమే సీఐ గారి దగ్గరికి ఉరికాను. ఆయన విన్నారు, నమ్మలేదు. కానీ నా పోరు పడలేకో ఏమో, "సరే, నీ తృప్తి కోసం ఇంకొక్కసారి తెప్పిస్తాను. కట్టె సీలు వేసే ఉంది. మళ్లీ మీ ఇంటి ముందే కూర్చుంటే మాత్రం ఇంక ఈ గుమ్మం తొక్కకూడదు" అన్నారు.

ఒప్పుకున్నాను.

లూసీ రెండోసారి వచ్చిన రోజు ఎండ నిప్పులు చెరుగుతోంది. సీఐ, ఎస్సై ఇంకా రాలేదు. నీడ కోసం రామ్‌చందర్ మా సెంటర్లోకి వచ్చాడు. నీళ్లిచ్చాను. మళ్లీ ముందు కుక్కకే పెట్టాడు. దాని చెవి వెనక గోకుతూ, "అమ్మా, నా మీద కోపం పెట్టుకోకు. లూసీ ఇప్పటిదాంక తప్పు చెయ్యలే. దీనికి మెడల్ గూడ ఉన్నది" అన్నాడు.

"మొదటిసారి వచ్చినప్పుడు మా ఇల్లు మీకు ముందే ఎరుకనా అన్నా?"

"ఎస్సై సాబ్ చెప్పిండు గదా. ఎవని మీద అనుమానం, ఇల్లు యాడ, అంత చెప్తరు. కేసు సంగతి తెల్వకుంట డ్యూటీ ఎట్ల చేస్త?"

ఎంత మామూలుగా చెప్పాడో! దాచాల్సింది ఏదైనా ఉందని కూడా ఆయనకు తెలియదు. తర్వాత ఆయనే మెల్లగా అడిగాడు. "నీ మొగడు కాదంటవ్. మరి నీకు ఎవల మీద అనుమానం?"

తండా చివర వేపచెట్టు కింద హీరాలాల్ ఇల్లు. హీరాలాల్ చలికాలంలోనే పెళ్లాం పిల్లల్ని తీసుకుని వైరా అవతల ఇటుక బట్టీకి పోయాడు. బిచ్యా చచ్చిన సంగతి అతనికి తెలిసిందో లేదో కూడా నాకు తెలియదు. అతను ఊళ్లో లేని సంగతి తండాలో అందరికీ ఎరుకే. రామ్‌చందర్‌కు మాత్రం తెలియదు.

"హీరాలాల్ అని ఉన్నడు అన్నా" అన్నాను. "చివరి ఇల్లు, వేపచెట్టు కింద. వానికి బిచ్యా మీద పాత పగ. పచ్చ తలుపు." అబద్ధం చెబుతూ కొంగుతో మొహం తుడుచుకున్నాను. ఆయన దాన్ని ఏడుపు అనుకున్నాడు.

"రంది పడకు. లూసీ చూస్కుంటది" అన్నాడు.

సీఐ, ఎస్సై వచ్చారు. తండా మొత్తం పోగైంది. లూసీ కట్టె వాసన చూసింది. బోరింగు దగ్గర ఆగింది. ఈసారి మా బాట వైపే ముక్కు పెట్టింది. రామ్‌చందర్ నాలుకతో టక్కుమనిపించాడు. పట్టా బిగిసింది. లూసీ తిరిగి, మా ఇంటి వైపు చూడనైనా చూడకుండా చివరిదాకా పోయింది. వేపచెట్టు కింద రామ్‌చందర్ ఆగాడు. అది తలెత్తి ఆయన మొహంలోకి చూసింది. పచ్చ తలుపు ముందు కూర్చుంది.

నేను గెలిచాననుకున్నాను. అందరూ పకపకా నవ్వుతారు, సీఐ గారు నెత్తిన చెయ్యి పెట్టుకుంటారు, అయిపోతుంది అనుకున్నాను. ఎంత పిచ్చిదాన్నో!

"తాళం!" అని ఎగిరిపడ్డాడు ఎస్సై. "సార్, తాళమేసి పరారైండు! ఎవనిదిది?"

ఎవరో హీరాలాల్ పేరు చెప్పారు. చలికాలంలోనే పోయాడని ఎవరైనా అంటారని చూశాను. ఒకాయన అన్నాడు కూడా, "పోయి శాన దినాలైంది సార్." పక్కనే ఉన్న ఇంకొకాయన, "నడుమల ఒకపాలి వచ్చిపోయిండేమో, ఎవలకెరుక?" అన్నాడు. "అవ్, వానికి కోపం ఎక్కువ" అని ఒకామె అందుకుంది. "బిచ్యాతోని ఎడ్ల కాడ లొల్లి పెట్టుకున్నడు గదా పోయినేడు" అని మరొకరు. నా కళ్ల ముందే హీరాలాల్ హంతకుడైపోతున్నాడు. ఎస్సై అప్పటికే వైరాకు మనిషిని పంపే మాట మాట్లాడుతున్నాడు.

మా అత్త నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. మా భాషలో, చెవిలో అంది. "నోరు మూసుకో పూలీ. నీకు దండం పెడుతా. నా కొడుకు ఇంటికొస్తడు."

వస్తాడు. నేను ఊరికే నిలబడితే చాలు, ఆయన వస్తాడు. హీరాలాల్ పెళ్లాం కూడా రేపు నా లాగే ఏదో వరండాలో కూర్చుంటుంది. ఆమె మాట వినేవాడుండడు.

అత్త చెయ్యి విడిపించుకున్నాను.

"సార్, ఆ పేరు నేను చెప్పిన."

సీఐ గారు నా వైపు తిరిగారు. "ఏంటమ్మా?"

"హీరాలాల్ మీద నాకు ఏ అనుమానం లేదు. వాడు బిచ్యా సచ్చిన దినం ఈడ లేనే లేడు, వైరా కాడ బట్టీల అడగండ్రి. కుక్క రాకముందు ఈ అన్నకు నేను వాని పేరు చెప్పిన, ఇల్లు చెప్పిన. కుక్క ఈడ కూసున్నది. ఆ పొద్దు ఎస్సై సారు మా ఇల్లు చెప్పిండు. మా ఇంటి ముందల కూసున్నది. గంతే సార్. ఇంక నాకేం తెల్వది."

సీఐ గారు రామ్‌చందర్‌ను అడిగారు. "నిజమేనా? నీతో చెప్పిందా?"

లేదు అంటే అయిపోయేది. నా మాటకు విలువెంతో అప్పటికే తేలిపోయింది కదా. రామ్‌చందర్ లూసీ తల మీద చెయ్యేసి నిలబడ్డాడు. దాని వైపే చూస్తూ, "చెప్పింది సార్" అన్నాడు. "ఆ పొద్దు ఎస్సై సాబ్ గూడ చెప్పిండు." తర్వాత నాతో, చాలా చిన్నగా, "దానిది తప్పు లేదమ్మా. అది నేను సంతోషపడాలని చూస్తది" అన్నాడు. ఆ మనిషిని తిట్టాలని ఎన్ని రోజులుగా అనుకుంటున్నానో! తల తిప్పుకుని లూసీ వైపు చూశాను.

ఎస్సై మాత్రం ఊరుకోలేదు. "పోలీసోళ్లను తప్పుదోవ పట్టిస్తవా? నీ మీద కేసు పెడ్త!"

"పెట్టుండ్రి. నేను చెప్పుడు వినే గదా అది కూసున్నది, దాని మీద గూడ పెట్టుండ్రి!"

కేసు పెట్టలేదు. కానీ ఏం రాశారో తెలుసా? ఎండ తీవ్రత వల్ల, రోజులు గడవడం వల్ల రెండోసారి కుక్క వాసన పట్టలేకపోయిందని రాశారు. మొదటిసారి కూర్చుంటే సాక్ష్యం, రెండోసారి కూర్చుంటే ఎండ! ఆ మాట విని నేను సర్కిల్ ఆఫీసు వరండాలో నిలబడి పిచ్చిదానిలా నవ్వాను. సీఐ గారు నా మొహం చూడలేకపోయారు. కానీ హీరాలాల్ జోలికి ఎవరినీ పోనివ్వలేదు. బెయిలుకు అడ్డుపడవద్దని ఎస్సైకి ఆయనే చెప్పారని తర్వాత వకీలు గారు అన్నారు. ఇద్దరి పేర్లూ తనకు ముందే చెప్పారన్న మాటను రామ్‌చందర్ కాగితం మీద కూడా రాసిచ్చాడు. ఆయనను ఆ పని నుంచి తీసేశారని, లూసీని వేరేవాళ్లకు అప్పజెప్పారని విన్నాను. బిచ్యాను కొట్టిందెవరో ఈనాటికీ తెలియదు. ఆ వెతుకులాట మా గడప ముందే ఆగిపోయింది, మళ్లీ ముందుకు కదల్లేదు.

ఎండాకాలం పోయి మిరుగు వానలు పడ్డాక ధన్‌సింగ్ బెయిలు మీద వచ్చాడు. ఖమ్మం నుంచి బస్సులో తీసుకొచ్చాను. దారి పొడుగునా రెండోసారి కుక్క వచ్చిన సంగతి పూసగుచ్చినట్టు చెప్పాను. పచ్చ తలుపు, తాళం, ఎస్సై ఎగిరిపడటం. నవ్వుతాడనుకున్నాను. వింటూ తలూపాడు, అంతే. ఇంటి ముందుకు వచ్చి ఆగాడు. గడప తొక్కలేదు. పక్కనుంచి తిరిగి దొడ్డి దారిన లోపలికి పోయాడు.

మరునాడూ అట్లాగే. ఆ తర్వాతా అంతే. నాకు ఓపిక తక్కువ. చినుకులు పడుతుండగా దొడ్లో నిలదీశాను.

"ముందల తలుపున్నది గదా. దొంగ లెక్క ఈడినుంచి వచ్చుడేంది?"

"ఆడ కూసున్నది గదా అది."

"కూసుంటే?"

గొడ్డలి కామ చేతిలో పట్టుకుని దాన్నే చూస్తున్నాడు. "పూలీ, నేను తాగి ఉంటి. నాకేం యాది లేదు. నువ్వు పండుకున్నంక లేచిపోయిన్నేమో?"

"ఏం మాట్లాడుతున్నవ్! కొట్టి ఒప్పించిండ్రు గదా నిన్ను?"

"కొట్టిండ్రు. కొడ్తే నేను ఒప్పుకోలే." కామ కింద పెట్టాడు. "తెల్లారి ఎస్సై కూసోబెట్టి చాయ్ తాపిండు. నోరులేని జీవం, దానికి నీ మీద ఏం పగరా, ఉత్తగ కూసుంటదా అన్నడు. నిజమే గదా అనిపించింది. గదే సోచాయించిన. సోచాయించంగ సోచాయించంగ నా చేతిల కట్టె కనబడ్డది. బిచ్యా కనబడ్డడు. ఇప్పటికి కనబడ్తది పూలీ. నేను చెయ్యకపోతే ఎట్ల కనబడ్తది?"

ఆ ఎండాకాలమంతా ఎస్సైతో కొట్లాడాను, సీఐతో కొట్లాడాను, వకీలుతో, దూలయ్యతో, దేవుడితో కొట్లాడాను. కుక్కను అందరికన్నా ఎక్కువ నమ్మినవాడు నా ఇంట్లోనే ఉన్నాడు. నాకు ఏడుపు, కోపం రెండూ ఒక్కసారే తన్నుకొచ్చాయి. ఆయన చెయ్యి పట్టి ఇంటి ముందుకు గుంజుకొచ్చాను. వానలోనే, లూసీ కూర్చున్న చోట బాసిపట్లు వేసుకుని కూర్చున్నాను.

"ఇగో, నేను గూడ కూసున్న. దానికి నోరు లేదు, నాకున్నది. విను. ఆ రాత్రి నీ కాలికి నా కొంగు ముడేసి పండుకున్న. తెల్లారి బిచ్యా సచ్చిండని మంది మొత్తుకునేటప్పుడు గూడ ముడి అట్లనే ఉన్నది. నా చేతులతోని విప్పి నిన్ను లేపిన."

ఆయన నా మొహంలోకి చూశాడు. "కాలికి కడ్తవా? నాకు?"

"అందరం కడ్తం. తాగొచ్చిన ప్రతిసారి."

"ఎప్పటిసంది?"

"పెండ్లైన కాడినుంచి."

సిగ్గుపడతాడనుకున్నాను, కోప్పడతాడనుకున్నాను. వంగి తన చీలమండ తడిమి చూసుకున్నాడు. నన్ను కొంచెం పక్కకు జరగమని, నన్ను దాటి, గడప తొక్కి లోపలికి పోయాడు.

ఆరోజు ఆయన చుక్క కూడా ముట్టలేదు. అన్నం తిని, మంచం మీద వాలి, నేను దీపం ఆర్పబోతుంటే వద్దన్నాడు. కాలు నా వైపు చాపాడు.

"కట్టు" అన్నాడు.